కాటా తెర మావైపు తిప్పండి

విజయవాడలోని సూపర్‌మార్కెట్ల యాజమాన్యాలకు, తూనికలు కొలతల శాఖ, ఆహార భద్రత విభాగం అధికారులకు

నమస్కారం.

పటమట నుంచి భవానీపురం దాకా, ఏలూరు రోడ్డు నుంచి సింగ్‌నగర్ దాకా ఈమధ్య కొత్త సూపర్‌మార్కెట్లు తెరుచుకుంటున్నాయి. అన్ని సరుకులూ ఒకచోట దొరకడం, రోహిణి కార్తెలోనూ చల్లగా తిరిగి కొనుక్కోగలగడం జనానికి సౌకర్యమే, కాదనం. ఈ లేఖ రాస్తున్న మాలో కిరాణా వ్యాపారం చేసినవాళ్లు, బిల్లింగ్ కౌంటర్లో పనిచేసినవాళ్లు ఉన్నారు. కింద రాసినవన్నీ ముందు కౌంటర్లలో చెప్పాం, ఫిర్యాదుల పుస్తకంలో రాశాం. "మేనేజరుగారికి చెబుతామండీ" అన్న మాట తప్ప జవాబు రాలేదు. ఏ దుకాణం పేరూ ఇక్కడ రాయడం లేదు. ఇవి ఏ ఒక్క దుకాణానికో చెందిన సంగతులు కావు.

కొత్త దుకాణంలో ఓ గంట నిలబడి జనాన్ని చూడండి. రైతుబజారులో వంకాయలు తూస్తున్నంతసేపూ కాటా మీంచి చూపు తిప్పని మనిషి, "కాస్త మొగ్గుగా తూచవయ్యా" అని అడిగి, పైన కొసరుగా కరివేపాకు రెబ్బ పుచ్చుకునే మనిషి, అద్దాల తలుపు దాటి లోపలికి రాగానే నోరు మెదపడు. 2,800 రూపాయల బిల్లు చేతికిస్తే చదవకుండా మడిచి జేబులో పెట్టుకుంటాడు. అది అజాగ్రత్త అని మీ సిబ్బంది అనుకుంటారు. మేం అలా అనుకోవడం లేదు. కాటా తెర తూచే కుర్రాడివైపు ఉంది. బిల్లింగ్ తెర క్యాషియర్ వైపు ఉంది. బిల్లులో సరుకుల పేర్లు ఇంగ్లిషులో సగానికి తెగిపోయి ఉన్నాయి. వెనక పదిమంది ట్రాలీలతో నిలబడి ఉన్నారు. అడుగుదామన్నా అడిగే వీలేదీ?

1. ర్యాక్ మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర

ఇది ఎలా జరుగుతుందో మాకు తెలుసు, కాబట్టి వెంటనే మోసం అనేయం. ధరలు రాత్రికి రాత్రి కంప్యూటర్లో మారతాయి. ర్యాక్ మీది చీటీలు మాత్రం పొద్దున డ్యూటీకి వచ్చిన కుర్రాళ్లు ఒక్కొక్కటీ చేత్తో మార్చాలి. ఆదివారం రాత్రితో అయిపోయిన ఆఫర్ చీటీ మంగళవారం దాకా వేలాడుతూనే ఉంటుంది. 89 అని చూసి బుట్టలో వేసుకున్న డబ్బా బిల్లులో 104 అవుతుంది. నలభై సరుకుల మధ్య ఆ 15 రూపాయలు ఎవరి కంట పడతాయి? పడినా "ఆఫర్ నిన్నటితో అయిపోయిందండీ" అంటుంది కౌంటర్లో అమ్మాయి, "కానివ్వండి సార్" అంటారు వెనకవాళ్లు, అక్కడితో సరి.

ర్యాక్ మీద చీటీ ఉన్నంతసేపూ ఆ ధరే చెల్లాలి. రెండు ధరల్లో ఏది తక్కువైతే అదే బిల్లు చేయాలి. ఒక్కో సరుకూ స్కాన్ అవుతుంటే ధర కొనేవాళ్లకు కనబడేలా ప్రతి కౌంటర్లో రెండో తెర పెట్టాలి. బిల్లు అడుగున పెద్ద అక్షరాలతో "మీరు ఆదా చేసింది" అని వేసే అంకె ఎమ్మార్పీ మీద లెక్క. వీధి చివరి కొట్టువాడు కూడా ఎమ్మార్పీ కంటే తగ్గించి ఇచ్చే సరుకులకు ఆ అంకె వేసుకుని మమ్మల్ని సంతోషపెట్టనక్కర్లేదు.

జీఎస్టీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె, షాంపూ, టూత్‌పేస్టు, స్నానం సబ్బుల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అసలు ధర మారకపోతే పన్నుతో కలిపి 118 రూపాయలున్న షాంపూ సీసా 105కి రావాలి. సీసా మీద పాత ఎమ్మార్పీ, కంప్యూటర్లో ఇంకేదో ధర ఉంటే, ఆ తేడా ఎందుకో చెప్పే చీటీ ర్యాక్ మీద ఉండాలి.

2. తూకం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ఎలక్ట్రానిక్ కాటాకు అంటించిన ప్లేటు మీద మూడు అంకెలుంటాయి: గరిష్ఠ తూకం, కనిష్ఠ తూకం, ఒక్కో మెట్టు (తెర మీది అంకె ఒకసారి కదిలే మేర) ఎన్ని గ్రాములో చూపే అంకె. దుకాణాల్లో వాడే, కచ్చితత్వం లెక్కన మూడో తరగతి కాటాకు కనిష్ఠ తూకం ఆ మెట్టుకు 20 రెట్లు. అంటే 5 గ్రాముల మెట్టున్న కాటా మీద 100 గ్రాముల లోపు సరుకు తూచకూడదు. కానీ జరుగుతున్నదేమిటి? ఉల్లిపాయలు తూచిన కాటా మీదే 50 గ్రాముల యాలకులు తూస్తున్నారు. యాలకులు కిలో 3,000 అనుకుంటే ఒక్క మెట్టు తేడా 15 రూపాయలు. ఉల్లిపాయల్లో 5 గ్రాములు పోతే ఎవరికీ పట్టదు, యాలకుల్లో పోతే పడుతుంది. యాలకులు, లవంగాలు, జీడిపప్పులాంటి వాటికి 1 గ్రాము మెట్టున్న చిన్న కాటా విడిగా ఉండాలి.

ఇక సంచి, పెట్టె బరువు. తూకమంటే సరుకు తూకమే, పెట్టె తూకం కాదు. ఖాళీ పెట్టె కాటా మీద పెట్టి, టేర్ మీట నొక్కి, తెర మీద సున్నా వచ్చాక సరుకు వేయాలి. పట్టుమని రెండు సెకన్ల పని. మిఠాయిల కౌంటర్లో రద్దీ పెరిగితే ఈ రెండు సెకన్లే ముందు ఎగిరిపోతాయి. బందరు లడ్డు కిలో 600 అనుకుందాం. 40 గ్రాముల అట్టపెట్టెతో కలిపి తూస్తే పెట్టెకు 24 రూపాయలు కట్టినట్టు. పావుకిలో కొన్నవాడికీ పెట్టె అదే కాబట్టి, తక్కువ కొన్నవాడికే ఎక్కువ దెబ్బ.

పొద్దున తూచి, పల్చటి ప్లాస్టిక్ పొర చుట్టి, స్టిక్కరేసిన కూరగాయలు, ఆకుకూరలు సాయంత్రానికి నీరు వదిలి తరుగు పోతాయి. 250 గ్రాములని స్టిక్కరు ఉన్న పాలకూర సాయంత్రం ఆరింటికి ఎంత ఉందో మళ్లీ తూచి చూడండి. ఉన్న తూకానికే డబ్బు తీసుకోవాలి.

కాటా బల్ల మీద సమంగా ఉందో లేదో చూపే నీటి బుడగ గుండ్రటి గీత మధ్యలో ఉండాలి. ఫ్యాను కిందా, ఏసీ గాలి నేరుగా తగిలే చోటా కాటా పెట్టకూడదు. ఎలక్ట్రానిక్ కాటాలకు ఏటా తనిఖీ చేయించి ముద్ర వేయించాలి, ఆ ధ్రువపత్రం అందరికీ కనబడేలా పెట్టాలి. మేనేజరు గదిలో ఫైలులో ఉంటే అది మాకు కనబడినట్టు కాదు.

చాలామందికి తెలియని నిబంధన ఇంకొకటుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ సరుకులమ్మే ఇలాంటి దుకాణాలు కొనేవాళ్ల కోసం 1 గ్రాము మెట్టున్న, చీటీ ముద్రించి ఇచ్చే కాటా ఒకటి బాగా కనబడే చోట పెట్టాలి, పైసా తీసుకోకూడదు. ప్యాకెట్ కొన్నవాళ్లు ఎవరైనా దాని మీద తూచుకోవచ్చు. కొత్త దుకాణంలో సెల్ఫీ తీసుకోవడానికి పూల గోడ పెట్టారు, సంతోషం. దాని పక్కన ఈ కాటాకు చోటు చూడండి.

3. నూనె ప్యాకెట్లు, చిక్కిపోతున్న పొట్లాలు

నూనెల ర్యాక్ ముందు జనం ఎక్కువసేపు నిలబడతారు. ప్యాకెట్ తీస్తారు, తిప్పుతారు, పెడతారు, చివరికి తక్కువ ధర ఉన్నది పట్టుకెళతారు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, లీటరు అంతే ఉన్నా బరువు తగ్గుతుంది. 60 డిగ్రీల వేడి దగ్గర లీటరు అని రాసుకుంటే కొన్ని గ్రాములు మిగుల్చుకోవచ్చు. ఈ తిరకాసు మానాలని, ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణంతోపాటు బరువూ వేయాలని కేంద్రం 2022లో నూనె కంపెనీలకు చెప్పింది. పొద్దుతిరుగుడు నూనె లీటరు దాదాపు 910 గ్రాములు. అయితే ఇప్పుడు పక్కపక్కనే 910, 850, 750 గ్రాముల ప్యాకెట్లుంటున్నాయి, దూరం నుంచి అన్నీ ఒకేలా కనబడతాయి.

లెక్క చూడండి. 910 గ్రాముల ప్యాకెట్ 140, 850 గ్రాముల ప్యాకెట్ 132 అనుకుంటే చేయి రెండో దానివైపే పోతుంది, 8 రూపాయలు తక్కువ కదా. కిలో లెక్కన మొదటిది 153 రూపాయల 85 పైసలు, రెండోది 155 రూపాయల 29 పైసలు. అగ్గువ అనుకున్నదే ప్రియం. బిస్కెట్లు, టీ పొడి, డిటర్జెంట్లది కూడా ఇదే కథ. ధర కదలదు, పొట్లం చిక్కిపోతుంది.

గ్రాముకు లేదా కిలోకు ఎంతో ప్యాకెట్ మీద వేయాలన్న నిబంధన ఉంది. వేస్తున్నారు కూడా, చీమ తలకాయంత అక్షరాల్లో. ప్యాకెట్ మీది వివరాలు ఇంగ్లిషులోగానీ హిందీలోగానీ ఉంటే చాలని చట్టం, అది కంపెనీల సంగతి. ర్యాక్ మీది చీటీ మాత్రం మీ చేతిలో పని. దాని మీద తెలుగులో సరుకు పేరు, ధర, పక్కనే అంత పెద్ద అక్షరాల్లో "కిలో ఇంత" అని వేయండి. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన పెద్దవాళ్లకూ కనబడాలి.

4. గడువు తేదీ, ఫ్రీజరు

పాల ప్యాకెట్ల వరసలో చేయి లోపలికంటా పెట్టి వెనకది లాగేవాళ్లను సిబ్బంది గుర్రుగా చూస్తారు. చూడక్కర్లేదు. కొత్త సరుకు వెనక పెట్టి పాతది ముందుకు జరపడం వ్యాపార ధర్మమైతే, తాజాది వెతుక్కోవడం కొనేవాళ్ల హక్కు. గడువు దగ్గరపడ్డ సరుకును విడిగా ఒక ర్యాక్‌లో పెట్టి, తేదీ పెద్దగా రాసి, ధర తగ్గించండి. రేపే వాడేసుకునేవాళ్లు తీసుకుంటారు. ఒకటి కొంటే ఒకటి ఉచితమని గడువు దగ్గరపడ్డవి అంటగట్టడం మాత్రం వద్దు. విడిగా అమ్మే మిఠాయిల దగ్గర ఎప్పటిలోగా తినాలో రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన ఉంది. కొన్ని కౌంటర్లలో ఆ పలక ఉంటుంది, తేదీ రాసే చోటు ఖాళీగా ఉంటుంది.

ఇంతకంటే ప్రమాదం ఫ్రీజరు సరుకుతో. పచ్చి బఠాణీ ప్యాకెట్ ఫ్రీజరులోంచి తీసిన మనిషి, రెండు వరసలు తిరిగాక వద్దనుకుని బిస్కెట్ల మధ్య వదిలేసి పోతాడు. ఇది జనం తప్పే, సందేహం లేదు. రాత్రి షట్టరు దించేముందు సర్దే కుర్రాడు దాన్ని మళ్లీ ఫ్రీజరులో పడేస్తే మాత్రం తప్పు దుకాణానిది. కరిగినప్పుడు పెరిగిన సూక్ష్మజీవులు మళ్లీ గడ్డకట్టించినంత మాత్రాన చావవు. ప్యాకెట్ పట్టుకుని ఊపితే బఠాణీలు విడివిడిగా గలగలలాడాలి. అంతా ఒకే ముద్దగా ఉంటే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ఐస్‌క్రీం మీద మంచు పలుకులు కట్టినా అంతే.

కాబట్టి ప్రతి బిల్లింగ్ కౌంటర్ దగ్గరా "వద్దనుకున్నవి ఇక్కడ" అని రాసి ఒక బుట్ట, చల్లటివాటికి ఒక ఐస్ పెట్టె పెట్టండి. ర్యాకుల మధ్య దొరికిన ఫ్రీజరు సరుకు ఎంతసేపు బయట ఉందో తెలియదు కాబట్టి పారేయాల్సిందే. ఫ్రీజరు లోపలి ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు ఉండాలి, ఆ అంకె బయటికి కనబడాలి. రాత్రిపూట కరెంటు ఖర్చు చూసుకుని స్విచ్ కట్టేసే అలవాటు ఎక్కడైనా ఉంటే ఈరోజే మానండి. ఆహార భద్రత అధికారులు మే నెలలో మధ్యాహ్నం వచ్చి థర్మామీటరు పెట్టి చూడాలి, డిసెంబరులో కాదు.

5. కూరగాయల దగ్గర మనవాళ్లు

ఈ ఒక్కటి మాత్రం తోటి కొనుగోలుదారులకు. బెండకాయ లేతదో కాదో కొన విరిచి చూడటం మనకు అలవాటు. రైతుబజారులో అయితే అటువైపు కూర్చున్నామె "అమ్మా, తుంచినవన్నీ తీసుకోవాలి మరి" అంటుంది, మన చేయి ఆగుతుంది. ఇక్కడ అనేవాళ్లు లేరు. సాయంత్రానికి ట్రేలో సగం కొనలు విరిగిన బెండకాయలే. టమాటాలను బొటనవేలితో నొక్కితే నొక్కిన చోట మర్నాటికి కుళ్లు. కాలీఫ్లవరు ఆకులు, ఉల్లిపాయ పొట్టు అక్కడే ఒలిచేస్తున్నారు, తూకం తగ్గుతుందని. పల్లీల డబ్బాలో చేయి పెట్టి నాలుగు నోట్లో వేసుకోవడం, కందిపప్పు గరిట మినప్పప్పులో వదిలేయడం కూడా చూస్తున్నాం. ఈ పాడైపోయినదాని ఖరీదు దుకాణంవాళ్లు తమ జేబులోంచి పెట్టుకోరు, కూరగాయల ధరలోనే కలుపుతారు.

యాజమాన్యాలకు ఒక మాట: "మీరు కెమెరా నిఘాలో ఉన్నారు" అన్న బోర్డు బెండకాయలను కాపాడలేదు. కూరగాయల దగ్గర తెలిసిన మనిషిని ఒకరిని నిలబెట్టండి. ప్రతి డబ్బాకు దాని గరిట దానికే గొలుసుతో కట్టండి.

6. సంచి

గుమ్మం దగ్గర సెక్యూరిటీ మనిషి మన గుడ్డసంచి తీసుకుని టోకెన్ ఇస్తాడు. బిల్లింగ్ దగ్గర క్యాషియర్ "బ్యాగ్ కావాలాండీ?" అని అడిగి 10 రూపాయలు వేస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న సంబంధం ఎవరికి అర్థం కాదు! ముందుగా చెప్పకుండా కౌంటర్ దగ్గర సంచికి డబ్బు వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులోనే చెప్పింది. సంచి ధర గుమ్మం దగ్గరే రాసి పెట్టండి. ఖాళీ గుడ్డసంచిని లోపలికి రానివ్వండి. అనుమానముంటే మడిచి ఒక ట్యాగ్ వేయండి.

7. ఫోన్ నంబరు

నంబరు చెప్పనిదే బిల్లు చేయబోమని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణదారులకు స్పష్టంగా చెప్పింది. ఇక్కడ ఇప్పటికీ మొదటి ప్రశ్న అదే. పైగా నంబరు గట్టిగా చెప్పాలి, క్యాషియర్ మళ్లీ గట్టిగా చదవాలి, వరసలో ఉన్నవాళ్లంతా వినాలి. కాలేజీ అమ్మాయి నంబరు పదిమంది చెవిన పడటం వల్ల ఏమవుతుందో మేం విడమరిచి చెప్పనక్కర్లేదు. నంబరు ఇవ్వడం కొనేవాళ్ల ఇష్టానికే వదిలేయండి, ఇచ్చేవాళ్లు మీట నొక్కి తామే కొట్టుకునేలా చిన్న కీప్యాడ్ పెట్టండి. ఇవ్వనివాళ్లకూ చీటీ మీద ఉన్న ఆఫర్ ధరే పడాలి.

8. వాపసు

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు తీసేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకు తీసుకుని డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. పురుగుపట్టిన రవ్వ తెచ్చినవాళ్లకు డబ్బుకు బదులు "పాయింట్లు వేస్తాం" అంటే కుదరదు. బిల్లు కాగితం వేడికి నెలలోపే వెలిసిపోతుంది కాబట్టి, కొన్నవాళ్లు ఆరోజే దాన్ని ఫొటో తీసి పెట్టుకోవాలి. చిల్లరకు బదులు చాక్లెట్ ఇచ్చే పద్ధతి యూపీఐ పుణ్యమా అని తగ్గింది, పెద్దవాళ్ల దగ్గర ఇంకా నడుస్తోంది. అదీ మానండి.

9. కౌంటర్లో నిలబడే పిల్లలు

ఇది అడగడానికి మీరెవరు అంటారేమో. పొద్దున్నుంచి నిలబడి ఉన్న అమ్మాయి రాత్రి తొమ్మిదింటికి ఒకే ప్యాకెట్ రెండుసార్లు స్కాన్ చేస్తే ఆ డబ్బు కట్టేది మేమే, అందుకని అడుగుతున్నాం. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే సౌకర్యం ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చుకున్నాయి. ఇక్కడ మీరూ స్టూళ్లు వేయండి.

అధికారులకు

తూనికలు కొలతల శాఖవారు ముందుగా కబురు చేసి, మధ్యాహ్నం పూట దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు వచ్చిపోతే ఏమీ దొరకదు. నెల మొదటి ఆదివారం సాయంత్రం, జీతాలు పడ్డ వారంలో, మామూలు మనుషుల్లా వచ్చి పది సరుకులు కొని తూచి చూడండి: రెండు మిఠాయి పెట్టెలు, రెండు ఆకుకూర పొట్లాలు, దుకాణంవాళ్లే కట్టిన పప్పు ప్యాకెట్లు, మిగతావి విడి సరుకులు. ర్యాక్ చీటీ ఫొటో తీసి బిల్లుతో పోల్చండి. ఎక్కడ ఏం దొరికిందో బయటపెట్టండి. రైతుబజారులో ప్రతి పొద్దునా ధరల బోర్డు రాయించగలిగిన ప్రభుత్వానికి ఇది పెద్ద పని కాదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా కనీసం మూడు పనులు చేయాలని కోరుతున్నాం: కాటా, బిల్లింగ్ తెరలు కొనేవాళ్లవైపు తిప్పడం, ఉచిత తూకం కాటా పెట్టడం, ర్యాక్ ధరకే బిల్లు చేయడం. మొదటిదానికి రూపాయి ఖర్చు లేదు. జరగకపోతే బిల్లులు, ఫొటోలతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాం, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు, ప్లీడరు ఉండి తీరాలన్న నియమమూ లేదు.

ఇట్లు,
విజయవాడ కొనుగోలుదారులు కొందరు